కొత్త ఫిన్స్‌తో పిక్కలు పట్టేస్తున్నాయి - సమాధానం

తప్పు మీ కాళ్లది కాదు, మీ ఫిన్స్ (డైవింగ్‌లో కాళ్లకు తొడుక్కునే ఈత రెక్కలు) ఫుట్ పాకెట్‌ది, అంటే పాదం దూర్చే భాగానిది అనిపిస్తోంది. షాపులో వట్టి కాలికి వేస్తే కరెక్ట్‌గా సరిపోయాయి, నీళ్లలో 20 నిమిషాలకే పిక్కలు పట్టేస్తున్నాయి అన్నారు కదా, మీవేమో వెనక స్ట్రాప్ ఉన్న ఓపెన్ హీల్ ఫిన్స్, అవి డైవింగ్ బూట్లతో (మెత్తటి రబ్బరు లాంటివి) వాడేవి. అందరూ మిస్సయ్యేది ఇదే.

1. డైవ్‌లో వేసే బూట్లే వేసుకుని, తడిపి మరీ, స్ట్రాప్ వదులు చేసి పాదం లోపలికి తోయండి. పాకెట్ అంచు దాదాపు మడమ దాకా రావాలి. పాదం సగంలోనే ఆగిపోయిందంటే సైజు చిన్నదన్నమాట, అప్పుడు బ్లేడ్ (ముందుకు చాచి ఉండే రెక్క) బరువంతా వేళ్ల మీదే పడి పిక్క లాగేస్తుంది, స్ట్రాప్ ఎంత బిగించినా లాభం లేదు.

2. ఇప్పుడు స్ట్రాప్ పెట్టకుండానే కాలు ఎత్తి మెల్లగా ఊపండి. ఊడిపోతే వదులు. ఊడకుండా, వేళ్లు నలక్కుండా ఉంటే సైజు ఓకే.

3. సైజు ఓకే అయినా పట్టేస్తుంటే బ్లేడ్ మీకు మరీ గట్టిదేమో. చేత్తో వంచి చూస్తే ఏం తెలీదు (నేనూ అలాగే కొని బోల్తా పడ్డా), ఎవరిదైనా మెత్తటి జత అడిగి పూల్‌లో నాలుగు రౌండ్లు వేయండి. కిక్ మాత్రం తుంటి నుంచి రావాలి, సైకిల్ తొక్కినట్టు మోకాళ్లతో కాదు.

స్ట్రాప్ మారుస్తే స్ప్రింగ్‌ది తీసుకోండి, లోతులో బూటు నొక్కుకుపోయినా అదే సర్దుకుంటుంది.

ఈలోగా నీళ్లలో పట్టేస్తే ఆగి, ఫిన్ కొన పట్టుకుని మీవైపు లాగుతూ మోకాలు చాపండి.