అద్దె ఇవ్వడు, ఖాళీ చేయడు... తాళం వేసేయమంటారా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. మావారు పోయి నాలుగేళ్లు దాటింది. ఆయన రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కట్టించిన ఇంట్లో పైన నేనుంటున్నాను, కింది పోర్షన్ అద్దెకిచ్చాను. నెలకు 8,500, అడ్వాన్స్ 25 వేలు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద 11 నెలలకు నేనే సంతకం పెట్టి అగ్రిమెంట్ రాసిచ్చాను. మళ్లీ రాసుకోలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు కింది పోర్షన్ మునిగింది. పాపమని మూడు నెలలు అద్దె అడగలేదు. తర్వాత కొన్నాళ్లు ఫోన్‌పేలో వేశాడు. ఇప్పుడు ఏడు నెలలుగా పైసా లేదు. మీటరు నా పేరు మీద ఉంది కాబట్టి అతని కరెంటు బిల్లు కూడా నేనే కడుతున్నాను. అడిగితే, వరదలో పాడైన మోటారు బాగు చేయించాను, రంగులు వేయించాను, అద్దె అందులో చెల్లు అంటాడు. ఖాళీ చేయమంటే కోర్టుకు వెళ్లమంటాడు. తాళం వేసేద్దాం, లేదా ఫ్యూజు పీకేద్దాం అని మా తమ్ముడు అంటున్నాడు. ఎక్కువ ఏళ్లుంటే ఇల్లు వాళ్లదే అయిపోతుందని పక్కింటివాళ్లు భయపెడుతున్నారు. ఇల్లు ఇంకా మావారి పేరు మీదే ఉంది. అబ్బాయి పుణెలో, అమ్మాయి గుంటూరులో ఉంటారు. ఈ టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, ముందుగా ఈ జవాబును మీ తమ్ముడికి చదివి వినిపించండి. తాళం వేయొద్దు, ఫ్యూజు ముట్టుకోవద్దు, మంచినీళ్లు ఆపొద్దు. ఇవాళ మీ దగ్గర ఏడు నెలల బాకీ ఉంది, న్యాయం మీ వైపు ఉంది. తాళం వేసిన మరుక్షణం ఆ బాకీ సంగతి పక్కకు పోయి, పోలీస్ స్టేషన్‌లో మీరు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. అద్దెకున్నవారు బాకీ పడినా సరే, చట్టప్రకారం ఖాళీ చేయించే వరకు ఇల్లు వారి స్వాధీనంలో ఉన్నట్టే. బలవంతంగా బయటికి పంపితే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద అతను ఆరు నెలల్లోపు దావా వేసి మళ్లీ లోపలికి రావచ్చు. 'ఇల్లు నాది' అన్న మీ మాట ఆ దావాలో పనిచేయదు. దారికి అడ్డుపడ్డారని, ఇంట్లోకి అక్రమంగా చొరబడ్డారని 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత కింద ఫిర్యాదు కూడా చేయవచ్చు. కరెంటు కనీస అవసరమనీ, యజమాని ఒప్పుకోలేదన్న కారణంతో అద్దెదారుకు దాన్ని నిరాకరించకూడదనీ సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. కాబట్టి బిల్లు మీరే కట్టి రసీదులు దాచుకోండి. ఆ మొత్తాన్ని బాకీలో కలిపి అడుగుదాం.

పక్కింటివాళ్ల మాట పట్టించుకోకండి. మీ అనుమతితో అద్దెకు చేరిన మనిషి ఎన్నేళ్లున్నా అద్దెదారే. పన్నెండేళ్లుంటే ఇల్లు సొంతమన్న లెక్క యజమాని హక్కును కాదని, ఇల్లు తనదేనని బాహాటంగా స్వాధీనంలో ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. ఇల్లు మీదేనని ఒప్పుకుని అద్దెకు దిగినవాడు, అందులో ఉంటూనే మీది కాదనడానికి చట్టం ఒప్పుకోదు. పాత సాక్ష్య చట్టంలోనూ, ఇప్పుడున్న భారతీయ సాక్ష్య అధినియమం 122వ సెక్షన్‌లోనూ ఉన్నది ఇదే. దీని గురించి మాత్రం ఈ రాత్రి నుంచే నిశ్చింతగా నిద్రపోండి.

ఇక వరద సంగతి. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల నుంచి ఇలాంటి ప్రశ్నే నన్ను చాలామంది అడిగారు. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో దీనికి జవాబుంది. వరద వల్లో అగ్నిప్రమాదం వల్లో ఇంట్లో ముఖ్యభాగం పూర్తిగా నాశనమైనా, శాశ్వతంగా ఉండటానికి పనికిరాకుండా పోయినా, అద్దెదారు కోరుకుంటే లీజు రద్దవుతుంది. అంటే ఇల్లు అంతగా పాడై ఉంటే, అప్పుడు ఖాళీ చేసి వెళ్లిపోయే హక్కు అతనికి ఉండేది. వెళ్లకుండా అదే ఇంట్లో ఉంటూ అద్దె మానేసే హక్కు మాత్రం లేదు. మీరు మానవత్వంతో వదిలేసిన ఆ మూడు నెలలను ఇప్పుడు తవ్వకండి. మీరు చేసింది మంచి పని, దాన్ని అలాగే ఉండనివ్వండి.

మోటారు ఖర్చును మాత్రం కొట్టిపారేయకండి. మోటారు, సంపు, పైపులైను ఇంట్లో భాగమే. వాటి రిపేరు ఎవరిదో అగ్రిమెంట్‌లో ఏం రాసుకున్నారో చూడండి. మీదే అని రాసుంటే, మీకు చెప్పినా చేయించకపోతే, అతను చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. ఏమీ రాయకపోయినా బిల్లు చూపిస్తే తగ్గించండి, అదే న్యాయం. మిమ్మల్ని అడగకుండా వేయించుకున్న రంగులకు మీరు బాధ్యులు కారు. ఎలా చూసినా మోటారు రిపేరు ఏడు నెలల అద్దెకు, అంటే 59,500 రూపాయలకు, సరిపోదు. బిల్లులు చూపిస్తే న్యాయమైన మేరకు తగ్గిస్తామన్న మాట నోటీసులోనే రాయించండి. రేపు జడ్జి ముందు మీ మాటకు విలువ పెరుగుతుంది.

ఇల్లు మీవారి పేరు మీద ఉండటం అడ్డంకి కాదు. ఆయన వీలునామా రాయకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీరు, మీ పిల్లలిద్దరూ, మీ అత్తగారు ఉంటే ఆవిడా సమాన వారసులు. అగ్రిమెంట్ రాసిచ్చింది మీరు, అద్దె తీసుకున్నదీ మీరే. పైగా ఉమ్మడి యజమానుల్లో ఒకరే ఖాళీ చేయించే దావా వేయవచ్చని సుప్రీంకోర్టు 1976లోనే తేల్చింది. అయినా నా అలవాటు వేరు. నోటీసులోనూ దావాలోనూ పిల్లల పేర్లు కూడా పెట్టిస్తాను. అవతలి ప్లీడరు సాగదీయడానికి వెతికే మొదటి సందు అదే కాబట్టి ముందే మూసేయాలి. తహశీల్దారు ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోండి, మున్సిపల్ పన్ను పేరు మార్పుకూ అర్జీ పెట్టండి.

ఇప్పుడు నోటీసు. మీ 11 నెలల అగ్రిమెంట్ ముగిశాక కూడా అతను ఉన్నాడు, మీరు అద్దె తీసుకున్నారు. దాంతో అది నెలవారీ అద్దెగా మారింది. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల గడువిస్తూ నోటీసు ఇవ్వాలి. అగ్రిమెంట్‌లో ఒక నెల, రెండు నెలలు అని ఉంటే ఆ గడువే ఇప్పించండి. అద్దె బాకీ, కరెంటు బాకీ, ఏ తేదీకి ఖాళీ చేయాలో, ఆ తర్వాత ఉంటే రోజుకో నెలకో ఎంత పరిహారం అడుగుతారో స్పష్టంగా రాయించాలి. అక్నాలెడ్జ్‌మెంట్‌తో పోస్టులో పంపి, అదే వాట్సాప్‌లోనూ పెట్టండి. సరైన అడ్రసుకు పంపిన నోటీసును తీసుకోకుండా వెనక్కి పంపినా, అందినట్టే కోర్టులు లెక్కిస్తాయి.

నోటీసు వెళ్లాక చాలామంది ఒక చోట పొరపాటు పడతారు. ఉన్నట్టుండి ఒకరోజు ఫోన్‌పేలో 8,500 వచ్చి పడుతుంది. మీరు సంతోషించి ఊరుకుంటారు. తర్వాత 'అద్దె తీసుకున్నారు కాబట్టి నోటీసు వదులుకున్నట్టే' అని వాదన వస్తుంది. అద్దె తీసుకున్నంత మాత్రాన నోటీసు వదులుకున్నట్టు కాదని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది కానీ, ఆ వాదనకు చోటే ఇవ్వకండి. డబ్బు పడిన రోజే 'పాత బాకీలో జమ చేసుకున్నాను, ఖాళీ నోటీసు అలాగే ఉంది' అని మెసేజ్ పెట్టండి.

గడువు దాటినా కదలకపోతే కేసు వేయాలి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం స్థానంలో 2017లో మన రాష్ట్రం కొత్త అద్దె చట్టం చేసింది. మీ కేసు ఎక్కడ దాఖలు చేయాలో అగ్రిమెంట్ తేదీ, కాగితాలు చూసి మీ అడ్వకేటు నిర్ణయిస్తారు. సివిల్ కోర్టులో అయితే కోర్టు ఫీజు ఏడాది అద్దె మీద, మీ విషయంలో 1,02,000 రూపాయల మీద లెక్కకడతారు. స్టాంపు సరిపోలేదని అగ్రిమెంట్‌కు అభ్యంతరం చెప్పవచ్చు. తక్కువైన డ్యూటీ, పెనాల్టీ కట్టి దాన్ని దాఖలు చేయవచ్చు, కంగారు పడకండి. మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో నెలనెలా పడిన 8,500 కూడా బలమైన సాక్ష్యమే. బాకీ అడగడానికి ఒక్కో నెల అద్దెకు మూడేళ్లే గడువని గుర్తుంచుకోండి.

కోర్టులో ఇది నెలల్లో తేలిపోతుందని మాత్రం మీకు మాట ఇవ్వలేను. గట్టిగా పోట్లాడితే ఏళ్లు పట్టిన కేసులు చూశాను. అద్దె మీదే బతుకుతున్నవాళ్లకు ఆ ఏళ్లు ఎంత బరువో నాకు తెలుసు. పై రెండు గదుల్లో ఉంటూ కింది పోర్షన్ అద్దెతో మందులు కొనుక్కునేవాళ్లను కూడా లోకం 'ఓనర్లు' అనే అంటుంది. 2021-22 నుంచి ఆస్తి పన్ను మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు, ఏడాదికి 15 శాతం వరకు పెరిగే వీలుంది. వరదకు పాడైన గోడలకు సొంత డబ్బు పెట్టుకున్నవాళ్లు, అద్దె రాకపోయినా పన్ను కట్టాల్సిందే.

అందుకే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో మన రాష్ట్రానికి ఉన్న ఆర్డర్ 15-ఏ మీకు ముఖ్యం. ఖాళీ దావాలో ప్రతివాది తన జవాబు దాఖలు చేసేటప్పుడు, వివాదం లేని బాకీని కోర్టులో కట్టాలి. తీర్పు వచ్చే వరకు నెలనెలా అద్దె కడుతూ ఉండాలి. కట్టకపోతే అతని డిఫెన్స్‌ను, అంటే అతని తరఫు వాదనను, కోర్టు కొట్టేయవచ్చు. మీ అడ్వకేటుతో మొదటి రోజే ఈ మాట ఎత్తండి. ఇన్నాళ్లుగా ఉచితంగా ఉంటున్న మనిషికి ఇది మొదలైతే కోర్టును సాగదీయాలన్న ఉత్సాహం తగ్గుతుంది.

మీ పరిస్థితికి నేను మొదట ప్రయత్నించేది రాజీ. మీరు మహిళ కాబట్టి, ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. విజయవాడ కోర్టు ప్రాంగణంలోని మండల న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెడితే, కేసు వేయకముందే అతన్ని పిలిపించి మాట్లాడతారు. అద్దె బాకీ 59,500లో అడ్వాన్స్ 25 వేలు పోతే 34,500. మోటారు బిల్లు, ఇంకొంత తగ్గించి, రెండు నెలల్లో ఖాళీ చేసేలా ఒప్పుకుంటే ఒప్పుకోండి. అందులో సగం వదులుకున్నా నష్టం లేదు, అతను అక్కడున్న ప్రతి నెలా మీకు 8,500 పోతోంది. కానీ పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకోవద్దు. లోక్ అదాలత్ అవార్డుగా రాయించండి. దానికి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు. మాట తప్పితే మళ్లీ దావా అక్కర్లేదు, దాన్ని అమలు చేయించమని నేరుగా ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేస్తే కోర్టు అమీనా వచ్చి స్వాధీనం చేయిస్తారు.

ఖాళీ చేసే రోజున పిల్లల్లో ఒకరిని రమ్మనండి. కరెంటు మీటరు రీడింగు ఫోటో తీసి, గదులన్నీ వీడియో తీసి, 'పోర్షన్ ఖాళీ చేసి తాళాలు అప్పగించాను' అని అతని చేత రాయించి సంతకం తీసుకోండి. అప్పుడు, ఆ తాళాలు మీ చేతికి వచ్చాకే, ఆ తలుపుకు మీ తాళం వేయండి.