రోగితో వివరంగా మాట్లాడితే మందుల పొరపాట్లు నిజంగా తగ్గుతాయా, లేక అది మర్యాద కోసమేనా?

తగ్గుతాయి. హనుమకొండలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను, డిశ్చార్జి రోజు మందులు ఎలా వాడాలో చెప్పి పంపేది మేమే. "అర్థమైందా?" అని అడిగితే కాలేదనేవాళ్లు దాదాపు ఉండరు. కింద ఆటో ఆగి ఉంటుంది, వెనక ఇంకొకరు నిలబడి ఉంటారు. "అయింది సిస్టర్" అని తలూపుతారు. అందుకే నేను ఆ మాట అడగను. "ఇంటికి పోయినంక మీ కోడలికి ఎట్ల చెప్తవ్ అవ్వా, నాకోసారి చెప్పు" అంటాను.

ములుగు వైపు అవ్వ ఒకామెకు కొత్తగా ఇన్సులిన్ మొదలైంది. అన్నిటికీ తలూపింది. చేసి చూపించమంటే సంచిలోంచి నారింజ మూత సిరంజి తీసింది. బయట మందుల షాపులో అదే ఇచ్చారట. ఆమె సీసాలో ఉన్నది మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందు, దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. నారింజ మూతది 100 యూనిట్ల మందుకు. దాంతో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. షుగర్ దిగట్లేదని డోసు పెంచుతారు. ఏదో ఒకరోజు సరైన సిరంజి చేతికొస్తే ఆ పెంచిన డోసంతా ఎక్కి మనిషి స్పృహ తప్పిపోవచ్చు. చీటీలో రాసింది సరిగ్గానే ఉంది, ఆమెతో చేయించి చూడకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ కూడా అంతే. వారానికి ఒక్కసారి వేసుకోవాల్సింది రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. "ఏ రోజు వేసుకుంటవ్?" అని అడిగి, "బేస్తారం" అని వాళ్లతోనే అనిపించి, అట్ట మీద రాసిస్తాను.

ఇంకోటి, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది: తిట్టకపోవడం. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకున్నామనీ, మోకాళ్లకు నొప్పి గోలీలు మింగుతున్నామనీ చెప్తే కోప్పడతారని దాస్తారు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు ఆ గోలీలే చేటు. రక్తం పలచబడే మందు వాడేవాళ్లకైతే కడుపులో రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. ఒక్కసారి కసురుకుంటే ఆ మనిషి మళ్లీ నోరు విప్పరు. "ఇంట్ల ఉన్న గోలీలన్నీ సంచిల ఏసుకొని రా, ఏం అనను" అంటేనే తెస్తారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా సెప్టెంబరు 17న జరిపే రోగి భద్రతా దినానికి 2023లో ఎంచుకున్న అంశం కూడా రోగులను భాగస్వాములను చేయడమే.

మీ ఇంట్లోవాళ్లను దవాఖానకు తీసుకెళ్తే, ఎవరూ అడగకపోయినా బయటికొచ్చే ముందు మందులన్నీ ఎలా వాడాలో మీరే నర్సుకు తిరిగి చెప్పండి. ఏది, ఎంత, తిన్నాకనా పరగడుపునా, ఎన్ని రోజులు. తొందర పెట్టినా సరే, పూర్తిగా చెప్పి రండి.