బ్రష్ తగిలిందని చెప్పిన క్షణం

చిరంజీవికి,

ఒకప్పుడు కర్లింగ్ (మంచు మీద రాయిని జార్చి గురికి చేర్చే ఆట) ఆడిన కెనడా జడ్జిగారి గురించి నువ్వు రాసి పంపిన జీవిత కథ రెండుసార్లు చదివాను. ఎంత కష్టపడ్డావో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. కానీ మొదటి సగమంతా కప్పులు, రెండో సగమంతా పదవులు. మధ్యలో ఒకే ఒక్క వాక్యం: "తర్వాత ఆట వదిలి న్యాయవృత్తిలోకి వెళ్ళారు." అక్కడే నాకు మనసు ఒప్పలేదమ్మా.

కర్లింగ్ ఆడేవాళ్ళలో చాలామందికి ఉద్యోగమూ ఆటా పక్కపక్కనే నడిచాయి. 1976లో రెజైనాలో బ్రయర్, అంటే కెనడా పురుషుల జాతీయ పోటీ, గెలిచిన న్యూఫౌండ్‌లాండ్ జట్టునే చూడు. అందులో థర్డ్‌గా, అంటే జట్టులో మూడో ఆటగాడిగా, ఆడిన టోబీ మెక్‌డొనాల్డ్ వృత్తిరీత్యా లాయరు. 2006 ట్యూరిన్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చిన బ్రాడ్ గుషూ జట్టుకు కోచ్ కూడా ఆయనే. కెనడాలో పై కోర్టు జడ్జి కావాలంటే కనీసం 10 ఏళ్ళు లాయరుగా ఉండాలి. మరి మీ జడ్జిగారి శని, ఆదివారాలు ఆ పదేళ్ళూ ఎక్కడ గడిచాయి? అడిగావా?

ఇంకో సంగతి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. దాదాపు 20 కిలోల గ్రానైట్ రాయి మంచు మీద జారుతుంటే, దాని ముందు ఇద్దరు బ్రష్‌లతో రుద్దుతూ పోతారు. బ్రష్ పొరపాటున రాయికి తగిలితే, తగిలించినవాళ్ళే వెంటనే చెప్పాలి. అవతలి హాగ్ లైన్, అంటే గురి వలయాలకు ముందుండే అడ్డగీత, దాటకముందే తగిలితే రాయిని తీసేస్తారు. దాటాక తగిలితే, రాళ్ళన్నీ ఆగాక నిర్ణయం ఎదుటి జట్టుది. తీసెయ్యొచ్చు, అలాగే ఉండనివ్వొచ్చు, తగలకపోతే ఎక్కడికి చేరేదో అంచనా వేసి సర్దొచ్చు. తప్పు ఒప్పుకున్న మనిషి ప్రత్యర్థి తీర్పు కోసం అక్కడే నిలబడతాడు. ఒక జడ్జి జీవితం రాస్తూ ఇది ఎలా వదిలేశావమ్మా!

అలాగని "అందుకే ఆయన మంచి జడ్జి అయ్యారు" అని మాత్రం రాయకు. ఆయన నోటి నుంచి రాని మాట మనది కాదు. ఒకప్పుడు నేను ఒక పెద్దాయన అనని మాటను ఆయన పేరుతో రాశాను. అది చదివి ఆయన ఏమీ అనలేదు, పత్రిక మడిచి పక్కన పెట్టారు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఈసారి ఫోన్ చేసినప్పుడు కప్పుల గురించి అడగకు. ఎవరూ చూడనప్పుడు బ్రష్ తగిలిందని ఎప్పుడైనా చెప్పారా, దాంతో ఏ మ్యాచ్ పోయింది, ఆ సాయంత్రం గెలిచినవాళ్ళ పక్కన కూర్చుని ఏం మాట్లాడుకున్నారు, ఇవి అడుగు. జవాబు చెప్పే ముందు ఆయన ఎంతసేపు ఆగారో అది కూడా రాసుకో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు