తాతగారి ఫియట్‌కు జిప్సీ ఇంజన్ వేయించుకోవచ్చా?

ప్రశ్న: మా తాతగారికి 1972లో విజయవాడలో రిజిస్టరైన ఫియట్ 1100డి కారు ఉండేది. ఆయన 2011లో పోయారు. అప్పట్నుంచీ కారు షెడ్డులోనే ఉంది. ఆర్సీ పుస్తకాన్ని సగం చెదలు తినేశాయి. ఇన్సూరెన్స్ లేదు. దాన్ని బాగు చేయించుకుని నేను నడుపుకోవాలని ఉంది. మెకానిక్ ‘పాత ఇంజన్ ఎందుకు సార్, మారుతి జిప్సీ ఇంజన్ ఎక్కిద్దాం; ఏసీ, డిస్క్ బ్రేకులు పెట్టి రంగు కూడా మార్చేద్దాం’ అంటూ లక్షన్నర అడ్వాన్సు అడుగుతున్నాడు. యాభై ఏళ్లు దాటిన బండి కాబట్టి వింటేజ్ నంబరు తెచ్చుకుంటే ఇక ఏ గొడవా ఉండదని స్నేహితులు చెబుతున్నారు. నాన్నగారు, ఇద్దరు మేనత్తలు ఉన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అడ్వాన్సు ఇప్పుడే ఇవ్వకండి. ముందు ఒక్క విషయం తేల్చుకోండి. ఈ కారును వింటేజ్ బండిగా దాచుకుంటారా, మామూలు కారులా తిప్పుకుంటారా? ఈ రెంటికీ చట్టంలో దారులు వేరు. ఒకదానికి పనికొచ్చిన మార్పు రెండోదానికి అడ్డం పడుతుంది. మీ మెకానిక్ చెప్పిన జిప్సీ ఇంజన్ మాత్రం రెండు దారులనూ మూసేస్తుంది.

వింటేజ్ సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే మీ స్నేహితులు చెప్పింది సగమే నిజం. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 81ఏ నుంచి 81జీ వరకు కొత్తగా చేర్చారు. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు కార్లు, ద్విచక్ర వాహనాలు వీటి కిందకి వస్తాయి. 1972 బండి కాబట్టి వయసు సరిపోయింది. అసలు షరతు వయసు కాదు. బండి తయారైన రూపంలోనే ఉండాలి. ఛాసిస్‌లో (బండి చట్రంలో) గానీ, బాడీ షెల్‌లో గానీ, ఇంజన్‌లో గానీ మార్పు జరిగి ఉండకూడదు. రాష్ట్రం నియమించిన కమిటీ బండిని చూసి సరేనంటేనే రిజిస్ట్రేషన్. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తే ఫీజు 20,000 రూపాయలు, గడువు తీరాక మళ్లీ చేయిస్తే 5,000. పదేళ్లు చెల్లుతుంది. ‘వీఏ’ అక్షరాలతో కొత్త నంబరు వస్తుంది గానీ, పాత రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఆ పాత నంబరునే ఉంచుకోవచ్చు. తాతగారి నంబరు మీద మమకారం ఉంటే ఇది మంచి వెసులుబాటు.

ఇక చాలామంది చదవని భాగం. వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉన్న కారును రోజువారీ పనులకు తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శన, వింటేజ్ ర్యాలీ, సాంకేతిక పరిశోధన, ఇంధనం పోయించుకోవడం, మరమ్మతు: రోడ్డెక్కేది వీటికే. ఆదివారం పూట పిల్లల్ని ఎక్కించుకుని మంగళగిరి వెళ్లడం ఇందులో లేదు. పెళ్లి ఊరేగింపులకు అద్దెకిచ్చి ఖర్చు రాబట్టుకుందామనే ఆలోచన అసలే వద్దు. అది మామూలు రిజిస్ట్రేషన్‌లోనూ కుదరదు. సొంత కారును పర్మిట్ లేకుండా అద్దెకు తిప్పితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 192ఏ కింద మొదటిసారికే 10,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు.

మీరు ‘నడుపుకోవాలని ఉంది’ అన్నారు. అందుకే మీకు రెండో దారే నప్పుతుందని నా అభిప్రాయం. అంటే మామూలు రిజిస్ట్రేషన్ రెన్యువల్. 1988 మోటారు వాహనాల చట్టం రాకముందు రిజిస్టరైన కార్లకూ 15 ఏళ్ల గడువు వర్తిస్తుందని సెక్షన్ 41(7) స్పష్టంగా చెబుతోంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫామ్ 25తో రెన్యువల్ చేయించుకోవాలి. 2025 ఆగస్టు సవరణ ప్రకారం 20 ఏళ్లు దాటిన కారుకు రెన్యువల్ ఫీజు 10,000 రూపాయలు. ఆలస్యానికి నెలకు 500 అదనం, అంటే ఏడాదికి 6,000. పాత బండ్లపై వేసే గ్రీన్ ట్యాక్స్ వేరు. ఇన్నేళ్లు మూలపడిన బండి కాబట్టి ఆలస్య రుసుము ఎన్ని నెలలకు కడతారన్నది మీ ఆర్టీఓ కార్యాలయంలో లెక్క వేయించుకోండి. బండి విప్పకముందే ఆ అంకె చేతిలో ఉంటే బడ్జెట్ తలకిందులు కాదు.

వీటన్నిటికంటే ముందు బండి ఎవరిది? తాతగారి వీలునామా లేకపోతే, మీరు హిందువులైతే, వారసత్వ చట్టం సెక్షన్ 8 ప్రకారం నాన్నగారు, మేనత్తలిద్దరూ, ఉంటే నానమ్మ సమాన వారసులు. నాన్నగారు జీవించి ఉండగా మీరు వారసులు కారు. కాబట్టి ముందు ఫామ్ 31తో బండిని నాన్నగారి పేరుకు మార్చాలి. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసులు ‘మాకు అభ్యంతరం లేదు’ అని నోటరీ దగ్గర చేసిన అఫిడవిట్లు జతచేయాలి. రూల్ 56 ప్రకారం ఇది తాతగారు పోయిన మూడు నెలల్లో జరగాల్సింది. ఇప్పుడు ఆలస్య రుసుముతో చేయించుకోవచ్చు. ఆ తర్వాత ఫామ్ 29, 30లతో నాన్నగారి నుంచి మీ పేరుకు. చెదలు తిన్న ఆర్సీని పారేయకండి. ఫామ్ 26తో డూప్లికేట్‌కు దరఖాస్తు చేసేటప్పుడు ఆ ముక్కలే మీకు సాక్ష్యం. అప్పటి రికార్డు కంప్యూటర్‌లోకి ఎక్కి ఉండకపోతే కార్యాలయంలోని పాత రిజిస్టరు నుంచి వివరాలు ఎక్కించమని రాతపూర్వకంగా అడగండి. మీ బండిలా విజయవాడలో కాక హైదరాబాద్‌లో రిజిస్టరైన పాత కార్లు ఇప్పుడు ఆంధ్రలో ఉంటే, అక్కడి నుంచి ఫామ్ 28తో అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్ఓసీ) తెచ్చుకోవాల్సి వస్తుంది. మేనత్తల సంతకాల విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. షెడ్డులో తుప్పు పట్టినన్నాళ్లూ ఎవరికీ పట్టని బండి, మెరుగు పెట్టి రోడ్డెక్కాక అందరికీ గుర్తొస్తుంది.

ఇప్పుడు ఇంజన్. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52(1) చెప్పేది ఇదీ: తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో ఆర్టీఓ వర్సెస్ కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నిలబెట్టింది. ఫియట్ ఇంజన్ 1089 సీసీ, జిప్సీది 1298 సీసీ. ఆర్సీలో ఉన్న సామర్థ్యమే మారిపోతుంది. అంతటితో ఆగదు. జిప్సీ ఇంజన్ బండి పొడవునా కూర్చుని వెనక చక్రాలను తిప్పుతుంది కాబట్టే మెకానిక్కులకు అది ఇష్టం. కానీ దాన్ని, దాని గేర్ బాక్సును పట్టించాలంటే మౌంటింగులు కోసి కొత్తవి వెల్డింగ్ చేయాలి, ఫ్లోరు మధ్యలో ఉబ్బెత్తుగా ఉన్న టన్నెల్ రేకు కోయాలి, స్టీరింగ్ పక్కనున్న గేర్ తీసేసి ఫ్లోర్‌లో పెట్టాలి. ఫియట్ 1100కు విడిగా ఛాసిస్ ఫ్రేము ఉండదు, బాడీ షెల్లే ఛాసిస్. ఆ రేకు కోయడమంటే ఛాసిస్ కోయడమే. రేపు మనసు మారి వింటేజ్ నంబరుకు వెళ్దామన్నా కమిటీ ముందు ఈ బండి నిలబడదు.

అనుమతి లేని ప్రతి మార్పుకూ సెక్షన్ 182ఏ(4) కింద 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. జరిమానా కన్నా పెద్ద నష్టం ఇన్సూరెన్స్ దగ్గర ఉంది. చెప్పకుండా ఇంజన్ మార్చిన కారు ప్రమాదానికి గురైతే సొంత నష్టం క్లెయిమును తిప్పికొట్టడానికి కంపెనీకి అంతకన్నా మంచి కారణం అక్కర్లేదు.

అసలు ఇంజన్ మార్చాల్సిన అవసరం ఉందా అన్నది ముందు చూడండి. ఏళ్ల తరబడి కదలని ఇంజన్ పట్టేసి ఉంటుంది. అంతమాత్రాన పాడైనట్టు కాదు. నాలుగు ప్లగ్గులూ తీయించి, ఒక్కో సిలిండర్‌లో రెండు మూడు చెంచాల పలచని ఆయిల్ పోయించి, నాలుగైదు రోజులు నానాక క్రాంక్ పుల్లీని స్పానర్‌తో మెల్లగా తిప్పించండి. బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టనివ్వకండి. పట్టేసిన రింగులు విరిగి సిలిండర్ గీసుకుపోతుంది. బ్లాకు బాగుంటే రీబోర్ చేయించి (సిలిండర్లను కాస్త వెడల్పు చేసి సాపు చేయించి) ఓవర్‌సైజు పిస్టన్లు వేయించుకోవడం మరమ్మతే, మార్పు కాదు. ఇంజన్ నంబరు అదే కాబట్టి అనుమతి ప్రశ్న రాదు. బ్లాకు పగిలి ఉంటే అదే 1089 సీసీ పెట్రోలు ఇంజన్ ప్రీమియర్ పద్మిని నుంచి తెచ్చుకోవచ్చు. పద్మిని 2001 దాకా తయారైంది కాబట్టి వెతికితే దొరుకుతుంది. దానికి ఆర్టీఓ అనుమతి తీసుకుని కొత్త ఇంజన్ నంబరును ఆర్సీలో ఎక్కించాలి. పాత సామాన్ల బజారులో బిల్లు లేకుండా కొనకండి. ఇంజన్ నంబరు వేసిన బిల్లు, అమ్మినవాడి గుర్తింపు కార్డు నకలు, ఆ ఇంజన్ ఏ బండిదో దాని ఆర్సీ లేదా స్క్రాప్ ధ్రువపత్రం నకలు మీ దగ్గర ఉండాలి. అది దొంగ బండి ఇంజన్ అని తేలితే దొంగ సొత్తుపై పెట్టే భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 317 కేసులో మీ మంచితనాన్ని నిరూపించేవి ఆ కాగితాలే. బ్యాటరీ కారుగా మార్చుకునే ఆలోచన వస్తే, ఏఐఎస్-123 ప్రమాణం ప్రకారం ఆమోదం పొందిన కిట్ బిగించుకునే దారిని చట్టం ఇచ్చింది 1990 జనవరి నుంచి తయారైన బండ్లకే, మీ 1972 కారుకు కాదు.

మిగతా మార్పుల్లో చాలావాటికి ఇంత భయం అక్కర్లేదు. సెక్షన్ 52 వివరణలో ‘మార్పు’ అంటే బండి మౌలిక స్వరూపాన్ని మార్చే నిర్మాణపు మార్పు అని ఉంది. ఏసీ, డైనమో బదులు ఆల్టర్నేటర్, సీట్ల కుట్టుపని ఇందులోకి రావు. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు కూడా రావనే నా అభిప్రాయం. అయినా బిల్లులు దాచి తనిఖీ రోజున మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుకు చూపించండి. తీసేసిన డ్రమ్ములు, డైనమో గ్రీజు పూసి అట్టపెట్టెలో భద్రం చేయండి, వింటేజ్ దారి తెరిచే ఉంటుంది. కుళ్లిన ఫ్లోరు, ఫుట్‌బోర్డు రేకులు కోసి అదే మందం రేకు వేయించడం మరమ్మతు. పైకప్పు కోసి ఓపెన్ టాప్ చేయించడం నేరం. రంగు ఆర్సీలో ఉంటుంది కనుక మార్చాలంటే ముందు అనుమతి, తర్వాత పెయింటు, ఆపైన ఆర్సీలో నమోదు. మోత పెట్టే సైలెన్సరు, అద్దాలకు నల్ల ఫిల్ము, ముందు బుల్ బార్ గురించి చర్చే వద్దు. సీటు బెల్టులు మొదట్లో లేని బండి అయినా పెట్టించుకోండి.

పనుల వరుస కూడా ముఖ్యమే. బండి విప్పకముందే ఛాసిస్, ఇంజన్ నంబర్లను ఫొటో తీసి, కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది అచ్చు తీసుకుని ఆర్సీతో సరిపోల్చండి. ఎప్పుడో ఎనభైల్లో ఇంజన్ మార్చి ఆర్సీలో ఎక్కించని బండ్లు తక్కువేం కావు. ఆ తేడా ఇప్పుడు తెలిస్తే సరిచేసుకోవచ్చు, తనిఖీ రోజున తెలిస్తే బండి వెనక్కి. టింకరింగ్ వాళ్లకు నంబరు ఉన్న చోట గ్రైండరు, పుట్టీ తగలకూడదని రాసి ఇవ్వండి. తుప్పు తీసే ఊపులో ఒక్క అంకె అరిగినా నంబరు చెరిపారన్న అనుమానం మీ మీదే పడుతుంది.

ముందు బ్రేకులు, స్టీరింగు, లైట్లు, వైపర్లు, హారను, సైలెన్సరు బాగు చేయించి, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తీసుకుని, పొల్యూషన్ సర్టిఫికెట్ చేయించి, పాత రంగుతోనే రెన్యువల్‌కు పెట్టండి. మెరుగులన్నీ ఆ తర్వాత. 1000 నుంచి 1500 సీసీ కార్లకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022 నోటిఫికేషన్ ప్రకారం 3,416 రూపాయలు, పైన జీఎస్టీ. వింటేజ్‌గా రిజిస్టరైతే ఇందులో సగం తగ్గింపు. 2000 ఏప్రిల్‌కు ముందు తయారైన పెట్రోలు కారుకు ఐడ్లింగ్‌లో (బండి కదలకుండా ఇంజన్ తిరుగుతున్నప్పుడు) పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం (పది లక్షల్లో 1500 వంతులు) దాటకూడదు. కార్బురేటరు, టైమింగ్ సరిచేయించి, ఇంజన్ బాగా వేడెక్కాక పరీక్షకు పెట్టండి. రిజిస్ట్రేషన్ గడువు తీరిన బండిని ఆర్టీఓ దాకా నడిపించుకుని వెళ్లకూడదు. రికవరీ వ్యాను మీద తీసుకెళ్లండి. మెకానిక్ ‘ట్రయల్’ పేరుతో రోడ్డు మీదికి తీసినా అంతే. ఇన్సూరెన్స్ లేకుండా ఎవరికైనా తగిలితే పరిహారం భారం మీ కుటుంబం మీద పడుతుంది.

చివరగా ఆ లక్షన్నర. పెయింటు గీకి ఇంజన్ విప్పేదాకా తుప్పు ఎంతో, ఖర్చు ఎంతో ఎవరూ చెప్పలేరు. అందుకని మొదటి ఒప్పందం విప్పి చూసి అంచనా ఇవ్వడానికి మాత్రమే చేసుకోండి, దానికి విడిగా కూలి ఇవ్వండి. అంచనా వచ్చాక టింకరింగ్, ప్రైమరు, ఇంజన్, వైరింగ్, పెయింటు, బిగింపు అని దశలుగా విడగొట్టి, ఏ దశ పూర్తయితే దాని డబ్బు అని రాసుకోండి. గడువు తేదీ, విప్పిన సామాన్ల జాబితా, పాతవి తిరిగివ్వాలన్న షరతు అందులో ఉండాలి. చెల్లింపు బ్యాంకు ద్వారానే.

పని చెడితే ఇది వినియోగదారుల చట్టం కింద సేవాలోపం. జిల్లా కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. అయితే చేసిన పనికి కూలి ఇచ్చేదాకా బండిని తన దగ్గర ఉంచుకునే హక్కు కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 170 మెకానిక్‌కు ఇచ్చింది. బిల్లు మీద తగాదా వస్తే రాత్రిపూట తాళం తీసి బండి తెచ్చుకోవద్దు, కేసు మీ మీదకే తిరుగుతుంది. ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి డబ్బు కట్టి, బండి విడిపించుకుని, ఎక్కువ తీసుకున్నది తిరిగి ఇప్పించమని కమిషన్‌కు వెళ్లండి.