ఆ పాయింటర్ ఇచ్చేదా, పుచ్చుకునేదా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం మీద ఉన్నాయి. సి లైబ్రరీలోని ఫంక్షన్‌ని పైథాన్ నుంచి పిలవాలి, ఆ ఫంక్షనేమో పాయింటర్ (విలువ ఉన్న చోటి చిరునామా) అడుగుతుంది, అక్కడికి వచ్చి అందరూ ఆగిపోతున్నారు. ఇరవై రెండేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, ఈ పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులకు వేబ్రిడ్జి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పైథాన్‌లో రాస్తున్నాను. కాటా మీటరు తయారుచేసినవాళ్లు ఒక సి లైబ్రరీ ఇచ్చారు. అందులో 'రీడ్_వెయిట్' అనే ఫంక్షన్‌కి మూడు ఆర్గ్యుమెంట్లు: పోర్టు నంబరు, 'డబుల్ స్టార్ వెయిట్', 'ఇంట్ స్టార్ స్టేబుల్' (స్టార్ అంటే పాయింటర్; డబుల్ దశాంశ సంఖ్య, ఇంట్ పూర్ణాంకం). పైథాన్‌లోని సీటైప్స్ మాడ్యూల్‌తో పిలుస్తున్నాను. స్టార్ ఉన్నచోట 0.0 ఇస్తే దాన్ని ఎలా మార్చాలో తెలియదని ఎర్రర్ వస్తోంది. 0 ఇస్తే ప్రోగ్రామే మూసుకుపోతోంది. మిల్లు దగ్గర లారీలు ఆగి ఉన్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: బాబూ, ముందు లారీల సంగతి చూద్దాం. సీటైప్స్‌లో ఒక 'సి_డబుల్', ఒక 'సి_ఇంట్' తయారుచేసుకోండి. పిలిచేటప్పుడు ఆ రెండింటినీ 'బైరెఫ్'లో (విలువ బదులు చిరునామా పంపేది) పెట్టి ఇవ్వండి. ఫంక్షన్ తిరిగొచ్చాక వాటి 'వాల్యూ' చూడండి, బరువు ఒకదాంట్లో, కాటా నిలకడగా ఉందో లేదో ఇంకోదాంట్లో ఉంటాయి. ఇవాళ్టికి బిల్లులు ఆగవు.

ఇక అసలు విషయం. మీ కాటా గదిలో డ్రైవరు ఖాళీ చీటీ గుమస్తా చేతికిస్తాడు, గుమస్తా దాని మీద బరువు రాసి తిరిగిస్తాడు. 'డబుల్ స్టార్ వెయిట్' అంటే ఆ ఖాళీ చీటీ. మీరు 0.0 ఇచ్చినప్పుడు చీటీ ఇవ్వకుండా నోటితో ఒక అంకె చెప్పారు. అదేంటో సీటైప్స్‌కి అర్థం కాలేదు. 0 ఇచ్చినప్పుడు అంతకంటే ప్రమాదం జరిగింది. సున్నా అనే చిరునామాకు వెళ్లి బరువు రాయమన్నారు. లైబ్రరీ మీ మాట నమ్మి రాయబోయింది, ఆపరేటింగ్ సిస్టమ్ ఒప్పుకోక ప్రోగ్రామ్‌ని ఆపేసింది.

అలాగని స్టార్ కనిపించినచోటల్లా ఖాళీ చీటీ అనుకోకండి. ఇంకో ఫంక్షన్‌లో అదే 'డబుల్ స్టార్' మీరు నింపి ఇచ్చిన చీటీ కావచ్చు, లైబ్రరీ చదువుకుని వదిలేస్తుంది. లేదా స్థూల బరువు రాసి ఇస్తే ఖాళీ లారీ బరువు తీసేసి అదే చీటీ మీద దిద్ది ఇవ్వచ్చు. అయిదు వందల చీటీల కట్టలో మొదటిది కావచ్చు, అంటే అర్రే. 'నల్' (సున్నా చిరునామా) ఇచ్చినా పట్టించుకోని ఫంక్షన్లూ ఉంటాయి. సి కంపైలర్‌కు ఇవన్నీ ఒకటే టైపు. తేడా ఆ ఫంక్షన్ రాసినవాళ్ల మనసులోనూ, ఓపికుంటే వాళ్లు రాసిన మాన్యువల్‌లోనూ ఉంటుంది. ర్యాపర్ (ఒక భాషలోని ఫంక్షన్‌ని ఇంకో భాషలోంచి పిలవడానికి చుట్టే కోడ్) రాసేవాళ్ల అసలు పని ఆ తేడా కనుక్కుని కోడ్‌లో పెట్టడమే. మాన్యువల్ లేకపోతే తయారీదారుకు ఫోన్ చేసి అడగండి, ఊహించవద్దు.

ఇంకొకటి తప్పకుండా చేయండి. ఆ ఫంక్షన్‌కి 'ఆర్గ్‌టైప్స్' రాసిపెట్టండి: ఇంట్, సి_డబుల్‌కి పాయింటర్, సి_ఇంట్‌కి పాయింటర్. ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇలాంటి కాటాకే ర్యాపర్ రాశాను. ఆర్గ్‌టైప్స్ రాయలేదు. సి_డబుల్ ఇవ్వాల్సినచోట సి_ఫ్లోట్ ఇచ్చాను. కాటా మీద 12,450 కిలోల లారీ ఉంది, తెర మీద 0.0. ఎర్రర్ లేదు, క్రాష్ లేదు. రెండు రోజులు కేబుళ్లు మార్పించాను, లోడ్ సెల్ పోయిందని కూడా చెప్పాను. అక్కడ జరిగింది ఇది. డబుల్‌కు 8 బైట్లు, ఫ్లోట్‌కు 4. మన కంప్యూటర్లలో కింది బైట్లు ముందు వస్తాయి. 12,450 లాంటి పూర్ణాంకాన్ని డబుల్‌గా రాస్తే ఆ మొదటి 4 బైట్లూ సున్నాలే. నా ఫ్లోట్ ఆ సున్నాలనే చదువుకుంది. ఆర్గ్‌టైప్స్ రాసి ఉంటే మొదటిసారి పిలిచినప్పుడే పైథాన్ నన్ను ఆపేది.

ఇదంతా అయ్యాక 'బరువు_చూడు' అని మీ సొంత పైథాన్ ఫంక్షన్ ఒకటి రాయండి. పోర్టు నంబరు తీసుకుంటుంది, బరువూ నిలకడా రెండూ టపుల్‌గా (ఒకే కట్టగా) ఇస్తుంది. లైబ్రరీ ఎర్రర్ కోడ్ ఇస్తే ఎక్సెప్షన్ లేపుతుంది. బిల్లింగ్ తెర రాసే కుర్రాడికి 'బైరెఫ్' అనే మాట కనిపించకూడదు.

ప్రశ్న: మేడమ్, మాది కాకినాడ, పుణెలో ఉద్యోగం. మ్యాపుల లైబ్రరీ ఒకటి స్విగ్ అనే టూల్‌తో పైథాన్‌కి తెస్తున్నాను. 'గెట్_సైజ్' ఫంక్షన్ రెండు 'ఇంట్ స్టార్'లు అడుగుతుంది, వెడల్పు, ఎత్తు. స్విగ్ ర్యాపర్ తయారుచేసింది కానీ ఏ అంకె ఇచ్చినా 'ఇంట్ స్టార్ టైపు కావాలి' అంటుంది. ఇంకో సమస్య: ఊరి పేరు ఇచ్చే ఫంక్షన్ 'చార్ స్టార్ బఫ్, ఇంట్ లెన్' (పేరు రాసే చోటు, దాని పొడవు) తీసుకుంటుంది, నేను 20 ఇస్తున్నాను. కడప, తుని, ఏలూరు బాగానే వస్తున్నాయి. కాకినాడ, విజయవాడ, హైదరాబాద్ తెగిపోతున్నాయి, ప్రింట్ చేస్తే సరొగేట్ ఏదో ఎర్రర్. మా ఊరి పేరే రావట్లేదని బాధగా ఉంది.

జవాబు: అమ్మా, స్విగ్ మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని అలా అనడం లేదు. డేవిడ్ బీజ్లీ 1995లో అమెరికాలోని లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో దాన్ని మొదలుపెట్టారు. సి లో రాసిన పెద్ద సిమ్యులేషన్లను శాస్త్రవేత్తలు చిన్న స్క్రిప్టులతో నడుపుకోవాలన్నది అవసరం. హెడర్ (ఫంక్షన్ల డిక్లరేషన్లుండే ఫైలు) చదివి ర్యాపర్ తయారుచేయడం స్విగ్ పని. కానీ హెడర్‌లో 'ఇంట్ స్టార్' అని మాత్రమే ఉంటే అది ఇచ్చేదో పుచ్చుకునేదో దానికి ఎలా తెలుస్తుంది? తెలియనప్పుడు ఊహించకుండా పాయింటర్‌ని పాయింటర్‌గానే ఉంచుతుంది. నా దృష్టిలో అదే మంచి పద్ధతి.

మీరు చెప్పాల్సింది ఒక్క మాట. ఇంటర్‌ఫేస్ ఫైల్లో 'టైప్‌మ్యాప్స్ డాట్ ఐ' ఇన్‌క్లూడ్ చేయండి. దాంట్లో ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఇన్‌అవుట్ అని మూడు పేర్లు సిద్ధంగా ఉంటాయి. 'పర్సెంట్ అప్లై' తో 'ఇంట్ స్టార్ అవుట్‌పుట్'ని మీ 'ఇంట్ స్టార్ విడ్త్, ఇంట్ స్టార్ హైట్' లకు వర్తింపజేయండి. ఈ లైను ఫంక్షన్ డిక్లరేషన్‌కి పైన ఉండాలి, కింద రాస్తే పనిచేయదు. ఇక పైథాన్ నుంచి ఏ ఆర్గ్యుమెంటూ లేకుండా పిలిస్తే రెండు అంకెలూ కలిసి వస్తాయి. ఒక జాగ్రత్త: అప్లై టైపునూ పేరునూ కలిపి చూస్తుంది, ఆ లైను తర్వాత అదే పేరున్న ప్రతి ఆర్గ్యుమెంటుకూ వర్తిస్తుంది. కింద ఎక్కడో 'ఇంట్ స్టార్ విడ్త్' నిజంగా అర్రే అయితే అదీ అవుట్‌పుట్ అయిపోతుంది. పని అయ్యాక 'పర్సెంట్ క్లియర్' పెట్టండి.

ఇలా తిప్పి ఇవ్వడం సరైన పద్ధతేనా అని అనుమానం వస్తే సి లోని 'ఫ్రెక్స్‌ప్' చూడండి. ఒక సంఖ్య తీసుకుని భిన్నాన్ని రిటర్న్ చేస్తుంది, రెండు మీద ఘాతాన్ని 'ఇంట్ స్టార్'లో రాస్తుంది. 8.0 ఇస్తే 0.5, ఘాతం 4. పైథాన్ మ్యాథ్ మాడ్యూల్‌లో అదే ఫంక్షన్‌కి 8.0 ఇవ్వండి, 0.5, 4 జంటగా టపుల్‌లో వస్తాయి. పెర్ల్‌లో పోసిక్స్ మాడ్యూల్ రెండిటినీ లిస్టుగా ఇస్తుంది. సి లో రెండు విలువలు తిరిగివ్వడానికి సులువైన దారి లేక ఖాళీ చీటీ పట్టుకొచ్చారు. ఆ ఇబ్బంది లేని భాషలోకి వచ్చాక చీటీతో పనేముంది?

ఇక మన ఊళ్ల పేర్లు. నిజం చెప్పాలంటే ఈ ఉత్తరంలో నన్ను పట్టేసిన భాగం ఇదే. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) తెలుగు అక్షరానికి 3 బైట్లు. గుణింతం గుర్తుకు వేరే 3, పొల్లుకు వేరే 3. కడపలో గుణింతాలు లేవు, 9 బైట్లు. తుని 12, ఏలూరు 15. కాకినాడలో నాలుగు అక్షరాలు, రెండు దీర్ఘాలు, ఒక గుడి కలిసి ఏడు గుర్తులు, 21 బైట్లు. విజయవాడ కూడా 21. హైదరాబాద్ 27. మీరు ఇచ్చిన 20లో, స్ట్రింగ్ ముగిసిందని చెప్పే చివరి సున్నాకు ఒకటి పోతే మిగిలింది 19. ఆరు గుర్తులకు 18 బైట్లు, ఆపైన ఏడో గుర్తులో మొదటి బైటు ఒక్కటే పట్టింది. కాకినాడలో 'డ' ముక్కలైంది. ఇంగ్లిష్‌లో పరీక్షించి ఉంటే విజయవాడకు పదక్షరాలే, తేడా బయటపడేదే కాదు. తెలుగులో పరీక్షించారు కాబట్టి దొరికింది, చాలా మంచి పని చేశారు.

ఎర్రర్ ప్రింట్ దగ్గర వస్తోందంటే కారణం ఉంది. స్విగ్ పైథాన్ 3లో చెడ్డ బైటు కనిపిస్తే వెంటనే తిరస్కరించదు, సరొగేట్ గుర్తుగా మార్చి స్ట్రింగ్‌లో దాచి ఉంచుతుంది. దాన్ని మీరు బయట రాయబోయినప్పుడే గొడవ. 'సి స్ట్రింగ్ డాట్ ఐ'లో 'పర్సెంట్ సిస్ట్రింగ్_అవుట్‌పుట్_మ్యాక్స్‌సైజ్' ఉంది, 'బఫ్, లెన్' జంటను దానికి అప్పగించండి. బఫర్ తయారుచేయడం, స్ట్రింగ్‌గా తిప్పి ఇవ్వడం అదే చూసుకుంటుంది, మీరు పొడవు మాత్రం ఇస్తారు. ఆ పొడవు 20 బదులు 256 ఇవ్వండి. ఆ సి ఫంక్షన్ లోపల 'ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్' వాడి, దాని రిటర్న్ విలువనే మీకు ఇస్తుంటే ఇంకా మంచిది. పూర్తి పేరుకు ఎన్ని బైట్లు కావాలో అది చెబుతుంది, చాలకపోతే ఒకటి కలిపి మళ్లీ పిలవచ్చు. పైథాన్ స్ట్రింగ్‌నే బఫర్‌గా ఇచ్చి రాయించుకునే ప్రయత్నం మాత్రం ఎప్పుడూ చేయకండి. పైథాన్‌లో స్ట్రింగ్ మారదు అన్న నమ్మకం మీద చాలా పనులు నడుస్తాయి.

ప్రశ్న: ఖమ్మంలో డిగ్రీ కాలేజీ లెక్చరర్‌ని. పిల్లలకు చూపించడానికి ఎస్‌క్యూలైట్ డేటాబేస్ లైబ్రరీని సీటైప్స్‌తో నేరుగా పిలుస్తున్నాను. అది ఇచ్చే స్ట్రింగ్‌లను ఫ్రీ చేయకపోతే (మెమరీ తిరిగివ్వకపోతే) మెమరీ పెరుగుతోంది, చేస్తే ఒక్కోసారి క్రాష్ అవుతోంది. ఎప్పుడు చేయాలి మేడమ్?

జవాబు: మాస్టారూ, దీనికి ఎస్‌క్యూలైట్ కంటే మంచి పాఠం దొరకదు, ఎందుకంటే వాళ్ల డాక్యుమెంటేషన్ ఏ పాయింటర్ ఎవరిదో స్పష్టంగా చెబుతుంది. పిల్లలకు రెండు ఫంక్షన్లు పక్కపక్కన చూపించండి. 'ఎస్‌క్యూలైట్3_ఎస్‌క్యూఎల్' ఇచ్చే స్ట్రింగ్ లైబ్రరీదే, ముట్టుకోకూడదు. 'ఎస్‌క్యూలైట్3_ఎక్స్‌పాండెడ్_ఎస్‌క్యూఎల్' ఇచ్చే స్ట్రింగ్ మనది, పని అయ్యాక 'ఎస్‌క్యూలైట్3_ఫ్రీ'కి ఇచ్చేయాలి. సి లో ఉండే మామూలు 'ఫ్రీ' పనికిరాదు, తెచ్చిన దుకాణానికే సీసా తిరిగివ్వాలి. మొదటిదానికి డిక్లరేషన్‌లో 'కాన్‌స్ట్' ఉంది, రెండోదానికి లేదు. ఇది మంచి సూచనే, కానీ అన్ని లైబ్రరీల్లోనూ నమ్మదగ్గది కాదు.

మీ మెమరీ పెరగడానికి ఒక కారణం ఇదై ఉండవచ్చు. 'రెస్‌టైప్' (ఫంక్షన్ తిరిగిచ్చేదాని టైపు) కింద 'సి_చార్_పి' పెడితే సీటైప్స్ ఆ అక్షరాలను వెంటనే పైథాన్ బైట్స్‌గా కాపీ చేసి ఇస్తుంది, అసలు చిరునామా మీ చేతికి రాదు. చిరునామా లేకుండా దేన్ని ఫ్రీ చేస్తారు? మనం ఫ్రీ చేయాల్సిన వాటికి 'సి_వాయిడ్_పి' పెట్టి, 'స్ట్రింగ్_ఎట్'తో చదువుకుని, ఆ చిరునామాను తిరిగి ఇచ్చేయండి. 'ఎస్‌క్యూలైట్3_కాలమ్_టెక్స్ట్' లాంటి వాటికి మాత్రం 'సి_చార్_పి' చక్కగా సరిపోతుంది. ఆ పాయింటర్ లైబ్రరీది, తర్వాతి 'స్టెప్' (తర్వాతి వరుసకు వెళ్లే ఫంక్షన్) పిలవగానే చెల్లదు, అందుకే అప్పటికప్పుడు కాపీ కావడమే మనకు కావాలి. దాన్ని ఫ్రీ చేస్తుంటే మీ క్రాష్ అక్కడిదే.

ప్రశ్న: నిజామాబాద్ నుంచి. డివైస్ ఓపెన్ చేసే ఫంక్షన్ హ్యాండిల్‌గా ఒక పాయింటర్ ఇస్తుంది. పాత 32-బిట్ కంప్యూటర్‌లో బాగా నడిచిన పైథాన్ కోడ్, 64-బిట్‌లో లైబ్రరీ కొత్త వెర్షన్ పెట్టినా క్రాష్ అవుతోంది. ఒక అక్షరం కూడా మార్చలేదు.

జవాబు: మార్చకపోవడమే కారణం. రెస్‌టైప్ చెప్పకపోతే ఏ ఫంక్షనైనా ఇంట్ ఇస్తుందని సీటైప్స్ అనుకుంటుంది. ఇంట్ అంటే 32 బిట్లు. పాత కంప్యూటర్‌లో పాయింటరూ 32 బిట్లే కాబట్టి సరిపోయింది. ఇప్పుడు పాయింటర్ 64 బిట్లు, సగం తెగి మీకు చేరుతోంది. ఓపెన్ ఫంక్షన్‌కి రెస్‌టైప్ 'సి_వాయిడ్_పి' పెట్టండి. అంతటితో ఆగకండి. ఆ హ్యాండిల్ తీసుకునే ప్రతి ఫంక్షన్‌కీ, క్లోజ్‌తో సహా, ఆర్గ్‌టైప్స్‌లోనూ 'సి_వాయిడ్_పి' రాయండి. లేకపోతే వచ్చేటప్పుడు పూర్తిగా వచ్చిన చిరునామా తిరిగి వెళ్లేటప్పుడు తెగుతుంది.