మెగాటవర్ గురించి ఎవరి మాట నమ్మాలి?

కొండ సైకిళ్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఒకే సైకిల్ చుట్టూ తిరిగాయి. అది శాంటా క్రూజ్ కంపెనీవారి మెగాటవర్. దెబ్బ తగిలినప్పుడు వెనక చక్రం 165 మి.మీ., ముందు ఫోర్కు 170 మి.మీ. దాకా కదిలే ఎండ్యూరో సైకిల్ అది, అంటే కష్టమైన కొండబాటలు వేగంగా దిగడానికి చేసినా సొంత కాళ్లతో కొండ ఎక్కగలిగే రకం. 2022లో వచ్చినప్పుడు, బాగా ఖరీదైన భాగాలతో తీసుకుంటే పది వేల డాలర్లు దాటేది. అందుకే ఈసారి జవాబులన్నీ దానికే కేటాయించాను. అమెరికాలో దీన్ని బైక్ అంటారు కానీ, మన ఇళ్లలో బైక్ అంటే మోటారు సైకిల్ గుర్తుకొస్తుంది కనుక నేను సైకిల్ అనే రాస్తాను.

ప్రశ్న: సియాటిల్ దగ్గర సమామిష్‌లో ఉంటాను. 130 మి.మీ. సైకిల్‌ను ఆరేళ్లుగా తొక్కుతున్నాను. మెగాటవర్ కోసం డబ్బు దాచాను. కొనేముందు అది ఉన్న ముగ్గురిని అడిగాను. ఒకాయన పట్టాల మీద రైలులా పోతుందన్నారు. రెండో ఆయన మొద్దు సైకిల్ అన్నారు. మూడో ఆయన ఆరు నెలలకే అమ్మేశారట. ముగ్గురూ అనుభవం ఉన్నవారే. ఎవరి మాట నమ్మాలి మేడమ్?

జవాబు: ముగ్గురి మాటా నమ్మండి. ముగ్గురూ నిజమే చెప్పారు. వాళ్లను మీరు అడగకుండా వదిలేసిన ప్రశ్న ఒకటుంది: ఏ కొండ మీద తొక్కుతారు?

నేను ఇసాక్వాలో ఉంటాను. మీకూ నాకూ ఒకే కొండలు. డూథీ హిల్ అడవి బాటలు మీకు తెలిసినవే. నున్నటి మలుపులు, చెక్కతో కట్టిన గెంతులు, ఒక మట్టి దిబ్బ మీద నుంచి ఇంకో దిబ్బకు ఊగుతూ వెళ్లే దారులు. అక్కడ మన శరీరాన్ని కిందికి నొక్కి, ఆ ఊపుతోనే ముందుకు సాగాలి. 165 మి.మీ. సస్పెన్షన్ ఉన్న సైకిల్‌ను నొక్కితే ఆ బలంలో చాలా భాగం సస్పెన్షనే తినేస్తుంది. రెండో ఆయన డూథీలోనే ఎక్కువగా తొక్కుతారని నా గట్టి నమ్మకం. అడిగి చూడండి. ఆయన మొద్దు అన్నది ఆ బాట మీద అక్షరాలా నిజం.

అదే సైకిల్‌ను టైగర్ కొండ మీదికి తీసుకువెళ్లి, ప్రిడేటర్ బాట దిగండి. నిటారు వాలు, దానికి అడ్డంగా పడుకున్న దేవదారు వేళ్లు, వాటి మీద ఏడాదిలో సగం రోజులు తడి. మీ 130 మి.మీ. సైకిల్ మీద అక్కడ ప్రతి వేరునూ లెక్కపెట్టుకుంటూ దిగుతారు. మెగాటవర్ మీద వేళ్లను వదిలేసి మలుపు ఎక్కడుందో చూడటం మొదలుపెడతారు. చూపు ఎత్తగలగడమే ఈ సైకిల్ ఇచ్చే అసలు వరం. ముందు ఫోర్కు కోణం 64 డిగ్రీల లోపే ఉండటం, రెండు చక్రాలూ 29 అంగుళాలవి కావడం, పెద్ద సైజులో ఇరుసుల మధ్య దూరం 1.25 మీటర్లు దాటడం, ఇవన్నీ కలిసి వేగంలో దాన్ని తిన్నగా నిలబెడతాయి. రైలు అన్న ఆయన నిటారు కొండల మనిషి, లేదా వేసవిలో కెనడాలోని విస్లర్ సైకిల్ పార్కుకు వెళ్లి లిఫ్టు ఎక్కి రోజంతా దిగే మనిషి అయి ఉంటారు.

మూడో ఆయన ఎందుకు అమ్మేశారో ఊహించలేను, కానీ అమ్మేసినవారిలో నేను కలిసినవారు చెప్పే కారణం దాదాపు ఒకటే: ఎక్కుడు. ఎండ్యూరో పోటీ పుట్టిందే ఎక్కడం, దిగడం రెంటినీ కలిపి. 2013లో మొదలై, 2023లో ఎండ్యూరో వరల్డ్ కప్‌గా మారిన ఎండ్యూరో వరల్డ్ సిరీస్‌లో దిగే భాగాలకే సమయం లెక్కిస్తారు, కానీ ఆ బాటల మధ్య ఎక్కుళ్లను చాలావరకు సొంత కాళ్లతోనే దాటాలి. అందుచేత ఈ సైకిళ్లు ఎక్కలేనివి కావు. మెగాటవర్ సీటు గొట్టం నిటారుగా ఉంటుంది, కూర్చున్న మనిషి పెడళ్ల మీదికి వస్తాడు, ఓపికగా తొక్కితే టైగర్ శిఖరం దాకా ఇబ్బంది లేకుండా ఎక్కిస్తుంది. బరువు మాత్రం 15, 16 కిలోలు ఉంటుంది. ఇంకో సంగతి. ఎక్కడం లేదని తిట్టినవారి సైకిల్ టైర్లు చూడండి. రెండు పొరల గోడ ఉన్న బరువైన టైరు, దాని మీద బాగా మెత్తటి రబ్బరు, ముందూ వెనకా అదే. ఆ టైర్లు ఏ సైకిల్‌కు వేసినా ఎక్కుడులో కాళ్లు పీకుతాయి. వెనక టైరు కాస్త గట్టి రబ్బరుది వేసుకుంటే సగం ఫిర్యాదు పోతుంది. సైకిల్‌ను తిట్టే ముందు టైరును మార్చి చూడటం న్యాయం.

ఇక మీ సంగతి. గత నాలుగు నెలల్లో ఎక్కడెక్కడ తొక్కారో కాగితం మీద రాయండి. ఎక్కడికి వెళ్లాలని ఉందో రాయవద్దు, నిజంగా వెళ్లినవే రాయండి. అందులో నాలుగింట మూడు వంతులు డూథీ అయితే మీ 130 మి.మీ. సైకిల్‌నే ఉంచుకోండి, అది మీకు ఇంకా ఎంతో నేర్పుతుంది. టైగర్, రేజింగ్ రివర్, బెల్లింగ్‌హామ్ గాల్‌బ్రెయిత్‌లలోని కష్టమైన బాటలు ఎక్కువగా కనిపిస్తే సందేహం లేకుండా కొనండి. కొనేముందు అద్దెకైనా తీసుకుని మీ కొండ మీదే తొక్కండి. దుకాణం ముందు పార్కింగ్ స్థలంలో తిప్పి చూస్తే ఆ సైకిల్ గురించి ఏమీ తెలియదు.

డబ్బు గురించి కూడా చెప్పాలి. శాంటా క్రూజ్ ఒకే ఫ్రేమును రెండు రకాల కార్బన్‌తో చేస్తుంది. సీ అనే రకం కాస్త బరువు, ధర తక్కువ. సీసీ రకం తేలిక. కొలతలు రెంటికీ ఒకటే, గట్టిదనంలో తేడా లేదని కంపెనీయే చెబుతుంది. పాతిక సార్లు తొక్కినా ఆ బరువు తేడాను మీ కాళ్లు గుర్తించలేవు. సీ రకం తీసుకుని, మిగిలిన డబ్బుతో పెద్ద బ్రేకు డిస్కులు, మంచి టైర్లు వేయించండి. ఇంకా మిగిలితే విస్లర్‌లో నాలుగు రోజులు గడిపి రండి.

ప్రశ్న: నేను పోర్ట్‌లాండ్‌లో ఉంటాను, బరువు 52 కిలోలు. ఇలాంటి సైకిళ్లు పరుపులా ఉంటాయని అందరూ అంటారు. ఒక స్నేహితురాలి మెగాటవర్ తొక్కితే నాకు చెక్కలా అనిపించింది. లోపం నాలో ఉందా అక్కా?

జవాబు: మీలో ఏ లోపమూ లేదమ్మా. మీ ఉత్తరం చదివి నా మొదటి మూడు నెలలు గుర్తొచ్చాయి.

నా బరువు 58 కిలోలు. 2022లో రెండో తరం మెగాటవర్ కొన్నాను. అమ్మిన దుకాణంలో నా బరువు అడగలేదు. ముందు వచ్చినవారికి పట్టినంత గాలే నా ఫోర్కులోనూ పట్టి ఇచ్చారు, 98 పి.ఎస్.ఐ. టైగర్ కొండ దిగి వచ్చేసరికి మణికట్లు సలిపేవి, ఉంగరపు వేళ్లు తిమ్మిరెక్కేవి. రాత్రి అన్నం కలుపుకోవాలన్నా నొప్పే. అందరూ పరుపు అంటున్నారు, నాకు రాళ్ల మీద నడిచినట్టు ఉంది, బహుశా నాకే తొక్కడం రాదేమో అనుకున్నాను. అలా మూడు నెలలు గడిచాయి.

ఒక రోజు మాతో తొక్కే వడ్రంగి పెద్దాయన నా ఫోర్కు గొట్టం మీది నల్ల రబ్బరు ఉంగరాన్ని చూపించారు. ఫోర్కు ఎంత లోతుకు దిగిందో ఆ ఉంగరం ఆగిన చోటును బట్టి తెలుస్తుంది. ఆ కొండలోకెల్లా పెద్ద దెబ్బలు తిన్న తర్వాత కూడా అది 110 మి.మీ. దగ్గరే ఆగింది. మిగతా 60 మి.మీ. మూడు నెలలుగా ఒక్కసారి కూడా కదలలేదు. 170కి డబ్బు కట్టి 110 వాడుతున్నావు అన్నారాయన. ఆ సాయంత్రమే గాలిని 72కు తగ్గించాం. గాలి గదిలో చోటు తగ్గించే టోకెన్ అనే ప్లాస్టిక్ బిళ్ల ఒకటి ఉంటే తీసేశాం. దిగిన ఫోర్కు ఎంత త్వరగా పైకి లేవాలో నిర్ణయించే రీబౌండ్ మరను తెరిచే వైపు తిప్పాం. మరుసటి శనివారం అవే చెట్ల వేళ్ల మీద దిగుతుంటే సైకిల్ చప్పుడే మారిపోయింది. బాట చివర ఆగి చాలాసేపు ఆ చెట్ల కింద కూర్చుండిపోయాను.

ఆ అనుభవమే నన్ను ఈ పనిలోకి తెచ్చింది. ఇప్పుడు వారానికి రెండు రోజులు సస్పెన్షన్ విప్పి శుభ్రం చేసే పని చేస్తాను. తేలికైన ఆడవాళ్లు, పిల్లలు, సన్నటి మగవాళ్లు ఎవరు వచ్చినా ముందు బరువు అడుగుతాను. ఈ సైకిళ్ల గురించి గట్టిగా మాట్లాడేవారిలో నేను ఎరిగినవారు ఎక్కువమంది 75 కిలోలు దాటిన మగవారు. వారి మాట వారికి సరిపోతుంది. మనకు సరిపోవాలంటే లెక్క మార్చుకోవాలి.

ఇలా చేయండి. హెల్మెట్, మోకాళ్ల కవచాలు, నీళ్ల సంచి, కొండకు వెళ్లినప్పుడు ఏమేం మోస్తారో అన్నీ వేసుకుని సైకిల్ ఎక్కండి. గోడ ఆసరాతో నిలకడగా కూర్చుని వెనక షాక్ మీది రబ్బరు ఉంగరాన్ని సీలు దాకా జరిపి, కుదుపు లేకుండా దిగి చూడండి. వెనక షాక్ కదలిక 60 మి.మీ. అనుకుంటే మీ బరువుకు అది 18 మి.మీ. దిగాలి, అంటే 30 శాతం. తక్కువ దిగితే గాలి తగ్గించండి, కొలత కుదిరే దాకా ఓపికగా. ఫోర్కుకు కంపెనీవారి బరువుల పట్టిక ఉంటుంది, అందులో మీ బరువు వరుస నుంచి మొదలుపెట్టండి. గాలి తగ్గితే షాక్‌ను పైకి నెట్టే బలమూ తగ్గుతుంది కనుక రీబౌండ్‌ను ఇంకా తెరవాలి. పూర్తిగా తెరిచినా నెమ్మదిగానే లేస్తోందంటే షాక్ లోపలి అమరికను తేలికైన మనిషికి తగ్గట్టు మార్పించాలి. సస్పెన్షన్ పనివారు చేస్తారు, సిగ్గుపడకుండా అడగండి. మీ స్నేహితురాలి బరువు ఎంతో తెలుసుకోండి. ఆమెకు కుదిర్చిన సైకిల్‌ను మీరు తొక్కారు, అంతే.

ప్రశ్న: యెటీ ఎస్‌బీ160, స్పెషలైజ్డ్ ఎండ్యూరో, మెగాటవర్. మూడింటిలో ఏది గొప్పది?

జవాబు: వేగంగా తొక్కేవారి చేతిలో మూడూ గొప్పవే. స్పెషలైజ్డ్ ఎండ్యూరోకు ముందూ వెనకా 170 మి.మీ. ఉంది, వెనక భాగం అమరిక వారి డెమో అనే డౌన్‌హిల్ (కొండ దిగడమే ఉండే) పోటీ సైకిల్ నుంచి వచ్చింది. నేను తొక్కినవాటిలో పెద్ద దెబ్బలను అంత నిశ్శబ్దంగా మింగింది ఇంకొకటి లేదు. నెమ్మదిగా పోతే మాత్రం అది మనల్ని పట్టించుకోదు. యెటీకి వెనక 160 మి.మీ., పెడల్ నొక్కగానే ముందుకు లాగే గుణం ఎక్కువ. అమెరికా పోటీదారు రిచీ రూడ్ 2015, 2016లలో ఎండ్యూరో వరల్డ్ సిరీస్ గెలిచింది యెటీ సైకిళ్ల మీదే. వాటిలో వెనక భాగం చిన్న పట్టాల మీద జారుతుంది, ఆ పట్టాలకు తరచూ గ్రీజు పట్టించాలి. మరచిపోయే గుణం ఉన్నవారు కొనవద్దు. మెగాటవర్ ఈ రెండింటి నడుమ నిలుస్తుంది. దాని వెనక భాగం రెండు పొట్టి లింకుల మీద తిరిగే వీపీపీ అమరిక. వానాకాలపు బురదలో వారానికి రెండుసార్లు తొక్కే నాకు బేరింగుల గొడవ తక్కువ కావాలి, మొదట కొన్నవారికి బేరింగులను జీవితకాలం ఉచితంగా మార్చి ఇస్తారు. నా ఎంపికకు అదే పెద్ద కారణం.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉద్యోగం మానేసి హైదరాబాద్ వచ్చేస్తున్నాడు. తన మెగాటవర్‌ను తెచ్చుకోవాలా, అక్కడే అమ్మేయాలా అని అడుగుతున్నాడు. నాకు ఈ విషయాలు తెలియవమ్మా, మీరే చెప్పాలి.

జవాబు: అబ్బాయి మీద మీకున్న శ్రద్ధకు నమస్కారం బాబాయి గారూ. అతను ఆదివారాలు అనంతగిరి వైపు, ఖాజాగూడ గుట్టల వైపు తొక్కాలనుకుంటే అమ్మేసి రమ్మనండి. అక్కడివి పొట్టి దిగుళ్లు. ఎక్కీ దిగీ మళ్లీ ఎక్కాలి. 165 మి.మీ. సస్పెన్షన్‌కు పని దొరకదు. ముందు 120 మి.మీ. ఫోర్కు, వెనక సస్పెన్షన్ లేని తేలికైన సైకిల్ అయితే అక్కడ హాయిగా ఉంటుంది. తుమ్మ ముళ్లకు ట్యూబు లేని టైర్లలో జిగురు ద్రవం పోయించుకోవాలి, మన ఎండకు అది త్వరగా ఎండిపోతుంది కనుక మళ్లీ మళ్లీ పోయాలి.

ఏడాదికి ఒకటి రెండుసార్లు మనాలి వైపు వెళ్లి దిగాలన్న కోరిక గట్టిగా ఉంటే మాట వేరు, అప్పుడు తెచ్చుకోమనండి. ఫోర్కు, షాక్‌ల సీళ్లు, సరైన నూనె, బ్రేకు ప్యాడ్లు రెండేళ్లకు సరిపడా పెట్టెలో పెట్టుకోవాలి. రాక్‌షాక్స్ కంపెనీ ఫోర్కు అయితే 50 గంటలు తొక్కినప్పుడల్లా కింది గొట్టాలు విప్పి నూనె మార్చాలి. ఆ పని అతనే నేర్చుకుంటే మంచిది. కష్టమైన పని కాదు, ఒక మధ్యాహ్నం చాలు.

ప్రశ్న: 2019 నాటి 160 మి.మీ. మెగాటవర్ ఒకటి తక్కువ ధరకు అమ్మకానికి ఉంది. కొనవచ్చా?

జవాబు: కొనవచ్చు. అది మంచి సైకిల్, కొత్తదాని కంటే చురుకుగా తిరుగుతుంది కూడా. ఫ్రేము మీద, బేరింగుల మీద ఉన్న జీవితకాలపు హామీ మొదట కొన్నవారికే చెల్లుతుంది, మీకు రాదు. ఆ లోటును ధరలో తగ్గించమని అడగండి. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి, పెడళ్ల దగ్గర ఫ్రేము అడుగున రాళ్లు తగిలిన మచ్చలు వెదకండి. రంగు పోతే ఫరవాలేదు. నాణెంతో మెల్లగా తట్టుకుంటూ రండి. ఒకచోట మాత్రం చప్పుడు బోలుగా, మెత్తగా వినిపిస్తే లోపల పొరలు విడిపోయాయేమోనని అనుమానించాలి. వెనక చక్రాన్ని పట్టుకుని పక్కలకు ఊపితే టకటకమనకూడదు. సస్పెన్షన్ చివరిసారి ఎప్పుడు విప్పారో రశీదు అడగండి. నోటి మాట చాలదు. చివరగా ఫోర్కు లోపలి గొట్టాల మీద, షాక్ గొట్టం మీద గోరు పెట్టి పైనుంచి కిందికి నెమ్మదిగా జార్చండి. గీత కంటికి కనిపించినా గోరు జారిపోతే పరవాలేదు. గోరు ఆగిందంటే ఆ గొట్టం మార్చాల్సిందే. దాని ధర తెలుసుకున్నాకే బేరం మొదలుపెట్టండి.