హిమోగ్లోబిన్ 12.4, ఫెర్రిటిన్ 9: ఐరన్ ఉన్నట్టా, లేనట్టా?

హిమోగ్లోబిన్, సీరం ఐరన్ నార్మల్‌గా ఉండి ఫెర్రిటిన్ ఒక్కటే 9 వస్తే దేన్ని నమ్మాలని కదా మీరు అడిగింది, ఫెర్రిటిన్‌నే నమ్మండి. నాకూ అచ్చం ఇలాంటి రిపోర్టే వచ్చింది. రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం, దువ్వెన నిండా జుట్టు, అయినా మొదట చూసిన డాక్టరు "రక్తం బాగానే ఉందమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని పంపేశారు.

ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది ఫెర్రిటిన్. లోపం వచ్చేటప్పుడు ముందు ఖాళీ అయ్యేది ఆ నిల్వే, హిమోగ్లోబిన్ పడిపోయేది ఆఖర్న. అందుకే ఆడవాళ్లకు రక్తహీనత గీత అయిన 12 దాటినా ఐరన్ సరిపోతున్నట్టు కాదు. ఫెర్రిటిన్ 15 కన్నా తగ్గితే లోపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, చాలామంది డాక్టర్లు 30 లోపున్నా లోపం కిందే చూస్తారు. కొన్ని ల్యాబుల కాగితం మీద నార్మల్ ఇంకా కిందనుంచే మొదలవుతుంది, కాబట్టి అంకె బోల్డులో లేదని వదిలేయకండి.

సీరం ఐరన్‌ను ఒంటరిగా చూస్తే పెద్దగా పనికిరాదు. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది, మాత్ర వేసుకుంటే కాసేపు పైకెళ్తుంది. నాకు రక్తం తీసినతను చేతికి రబ్బరు పట్టీ కడుతూనే "ఐరన్ టాబ్లెట్ వేసుకున్నారా మేడమ్" అని అడిగింది అందుకే. టీఐబీసీ అంటే ఐరన్‌ను మోసే బస్సుల్లో మొత్తం సీట్లు అనుకోండి, ఐరన్ తగ్గితే లివర్ బస్సులు పెంచుతుంది, అంటే ఈ అంకె ఎక్కువుంటే సంతోషించాల్సింది ఏమీ లేదు! నిండిన సీట్ల శాతమే శాచురేషన్. 20 లోపుంటే అనుమానించాలి, నాది 11.

ఒక మెలిక ఉంది. ఫెర్రిటిన్ తక్కువుంటే నమ్మచ్చు గానీ, బాగుందంటే మాత్రం వెంటనే నమ్మకూడదు, జ్వరం, ఇన్ఫెక్షన్, ఫ్యాటీ లివర్ ఏదున్నా అది పెరిగిపోతుంది. మా అత్తగారికి కీళ్లవాతం, ఫెర్రిటిన్ 85 వచ్చింది, శాచురేషన్ చూస్తే 9. డాక్టరు ఒంట్లో వాపును చూపించే సీఆర్‌పీ పరీక్ష కూడా చేయించి, వాపు వల్ల ఫెర్రిటిన్ ఎక్కువ కనిపిస్తోంది, లోపం ఉందని మందులు రాశారు.

మాత్రలతో పాటు కారణం కూడా అడగండి. నాకైతే నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం. మగవాళ్లకో, నెలసరి ఆగినవాళ్లకో ఇలా వస్తే పేగుల్లో రక్తం కారుతోందేమో చూడాల్సిందే. మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగకండి, ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

మీ ఎంసీవీ (ఎర్ర రక్తకణాల సగటు సైజు) ఎంతో రాయలేదు, సీబీపీ రిపోర్టులో ఉంటుంది చూడండి. 80 కన్నా బాగా తక్కువుండి, ఐరన్ నిల్వలు నిండాక కూడా పెరగకపోతే పుట్టుకతో వచ్చే తలసీమియా మైనర్ కావచ్చు, దానికి హిమోగ్లోబిన్ రకాలను చూసే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష వేరే ఉంది.